పెళ్ళికి అడిగిన గిటారు

మా ముత్తాత కోహీరు పక్క ఊళ్ళకు మాలీపటేలు. ఆ ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగా కట్టవలసిందే. తహసీల్దారు ఆ దారిన వస్తే గుర్రం మా వాకిట్లోనే దిగేవాడు, కాళ్ళకు నీళ్ళు మా ఇంట్లోంచే వెళ్ళేవి. మా తాత పటేల్గిరీతో పాటు జామతోటలు పెంచాడు. ఆ తోట పండు గంపల్లో రైలెక్కి హైదరాబాదులో పెద్దవాళ్ళ ఇళ్ళకు చేరేది. మా నాన్న కాలానికి పటేల్గిరీలు రద్దయ్యాయి. కొంత భూమి సీలింగు కింద పోయింది, మిగిలింది దాయాదుల వ్యాజ్యాల్లో వకీళ్ళ వెంట పోయింది. నాన్నకు నేనొక్కదాన్నే సంతానం.

నేను జహీరాబాదులో ఆడపిల్లల సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. రైల్వేగేటు అవతల రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ మా చిన్నమ్మా ఉంటాము. చిన్నమ్మ అంటే మా నాన్న తమ్ముడి భార్య. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు.

పాత ఇంటి పద్ధతి ఒకటి చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. పెళ్ళికని ఎవరు ఏ వస్తువు అడిగినా మా ఇంట్లో లేదనకూడదు. జంపఖానాలు, గంగాళాలు, పెట్రోమాక్సు దీపాలు, పెళ్ళికొడుకు ఎక్కే బండికి ఎద్దులు, ఏదైనా సరే. అడిగినవాళ్ళు అరుగు కింద నిలబడేవారు. వస్తువు అరుగు మీది నుంచి దిగేది. అద్దె అనే మాట ఉండేది కాదు. వస్తువు తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటు మోదుగాకులో చుట్టిన తీపి వచ్చేది. మా ఇంట్లో సంవత్సరం పొడుగునా ఏదో ఒక పెళ్ళి తీపి ఉండేదంటే అందుకే. ఆ తీపి తింటూ పెరిగినదాన్ని నేను. అడగడం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇళ్ళూ పొలాలూ పోయాక అడిగేవాళ్ళు కూడా పోయారు. అందుకే దసరా పోయిన కొన్నాళ్ళకు, ఒక సోమవారం మధ్యాహ్నం, పాటల సారు కూతురు మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, ఆమె ఏదో అడగడానికే వచ్చిందని తెలిసి నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది.

పాటల సారు ఇక్కడి చర్చి బడిలో పిల్లలకు పాటలు నేర్పినవాడు. చిన్నాయనకు ప్రాణస్నేహితుడు. ఆయన తండ్రి మా జామతోటకు కావలి ఉండేవాడు. ఆయన కూతురు సర్కారు దవాఖానలో నర్సు. వాళ్ళ నాయనమ్మ మా నాయనమ్మను దొరసాని అని పిలిచేది. ఈమె నన్ను మేడం అంటుంది. బడిలో నా దగ్గరే చదివింది.

కుర్చీ జరిపాను. కూర్చుంది.

"మా బిడ్డ పెండ్లి మేడం, వచ్చే శనివారం, చర్చిల. మా నాయిన ఒకటే పట్టు పట్టిండు. మనుమరాలు లోపటికి నడిచొచ్చేటప్పుడు ఆయననే వాయిస్తడట. గది గూడ మీ చిన్నాయన గిటారు మీదనేనట."

"నీకేమన్న అభ్యంతరమా?"

"నాకేముంటది మేడం? కీబోర్డు వాయించే పిలగాన్ని మాట్లాడినం, నువ్వు జర ఊకో నాయినా అంటే ఇంటలేడు. ఆ చెయ్యి ఆ గిటారుకే అలవాటున్నదట. నా చేతులు వణికేదాక ఆగుతరా అంటడు." ఆమె నవ్వి, మళ్ళీ నవ్వు ఆపింది. "గిటారు ఉన్నదా మేడం? మంచిగున్నదా?"

"ఉన్నది. ఎందుకుండదు? శుక్రారం పొద్దున వచ్చి తీస్కపో."

ఆమె అటు వెళ్ళగానే చిన్నమ్మ పక్కగదిలోంచి బయటికి వచ్చింది.

"మంచిగున్నదని నీకెవరు చెప్పిన్రు?"

"చెడిపోయిందని ఎవరు చెప్పిన్రు?"

"మీ చిన్నాయన పోయినకాడికెల్లి దాని నోట్లకెల్లి ఒక్క మాట రాలే. నువ్వేమో పెండ్లికి పంపుతనంటివి. మీ నాయిన గూడ గట్లనే అంటుండె, కేసు మనదే, పై కోర్టుల మనదే అని."

చర్చి నిండా జనం ఉండగా, ఆ ముసలాయన తీగ మీటినా గిటారు పలకకపోతే ఎట్లా ఉంటుందన్నది నా కళ్ళకు అప్పుడే కనబడింది. పటేలు ఇంటి నుంచి వచ్చిన వస్తువు అట్లా మూగగా నిలబడటం ఎన్నడూ జరగలేదు. శుక్రవారం లోపల అది పలకాలి.

గిటారు ఎర్రనిది. చిన్నాయన హైదరాబాదులో చదువుకుంటున్నప్పుడు కొన్నాడు. తాత దాన్ని చూసి, తుపాకీ అనుకుని, లైసెన్సు ఉందా అని అడిగాడట. అది పాటల సామాను అని తెలిశాక ఇంకా కోపం వచ్చింది. చర్చిలో క్రిస్మసుకు పాటల సారు పక్కన ఒకే బెంచీ మీద కూర్చుని చిన్నాయన వాయించాడని తెలిసిన రోజు మొదలు, మళ్ళీ వానాకాలం కాపు జామపళ్ళు కోసి అయిపోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవారు. పెరుగు కావాలంటే తాత నాయనమ్మతో చెప్పేవాడు, నాయనమ్మ చిన్నాయనతో చెప్పేది.

ఇంట్లో వాయించనివ్వరు కాబట్టి స్నేహితులిద్దరూ తోటలో మోటరు కొట్టానికి చేరేవారు. కరెంటు అక్కడే ఉండేది. నేను ఎరువుల బస్తాల మీద కూర్చుని వినేదాన్ని. ఒకరు గిటారు వాయిస్తే ఒకరు పాడేవారు, తర్వాత మార్చుకునేవారు. బావి మీద మోటరు నడుస్తుంటే ఆంప్లిఫయర్ తేనెతుట్టె కదిపినట్టు మోత పెట్టేది. పాటల సారు తలుపులోంచి బయటికి వంగి, "నాయినా, జరంత సేపు నీళ్లు బంద్ చెయ్యే, పాట తడుస్తున్నది" అని తన తండ్రిని కేకేసేవాడు. కావలి ముసలాయన తిట్టుకుంటూ వచ్చి మోటరు ఆపేవాడు. అప్పుడు కొట్టం ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. తడి మట్టి వాసన, మగ్గిన జామ వాసన, వేడెక్కిన ఆంప్లిఫయర్ వాసన. ఆ నిశ్శబ్దంలో మొదటి తీగ మోగితే నా చేతుల మీద రోమాలు లేచేవి.

చిన్నాయన నాకు దాని లోపలి సంగతి చెప్పాడు. తీగల కింద రెండు పికప్‌లు ఉంటాయి. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ చుట్ట. ఇనుపతీగ ఆ అయస్కాంతం మీద వణికితే చుట్టలో కరెంటు పుడుతుంది. ఒక పికప్ గిటారు మెడ దగ్గర ఉంటుంది, దాని గొంతు గుండ్రం. ఇంకొకటి చివర ఉంటుంది, దాని గొంతు పదును. ఏది పలకాలో ఒక చిన్న స్విచ్చి నిర్ణయిస్తుంది. నేను బడిలో ఎన్నో తరగతులకు చెప్పిన విద్యుదయస్కాంత పాఠం ఆ మోటరు కొట్టంలో విన్నదే.

సోమవారం సాయంత్రమే గిటారును మంచం మీద పడుకోబెట్టాం. పాత ఆంప్లిఫయర్ ఎప్పుడో పాడైపోయింది. పలుకుతుందో లేదో చూడాలంటే ముందు ఏదో ఒక స్పీకరు కావాలి. పక్కింటివాళ్ళకు బతుకమ్మ పాటలు పెట్టే చక్రాల డబ్బా ఉంది, దానికి మైకు గుచ్చే రంధ్రం కూడా ఉంది.

"నేను పోయి అడగను," అన్నాను.

"నువ్వు అడగకు. నేను అడుగుత. నువ్వంటే పటేలు బిడ్డవు, నేను కోడల్నే గద."

కాసేపటికి చిన్నమ్మ ఆ డబ్బాను దూడను తోలుకొచ్చినట్టు తోలుకొచ్చింది.

"ఏమని చెప్పినవు?"

"భజన నేర్చుకుంటున్న అని చెప్పిన."

గిటారు వైరు డబ్బాకు గుచ్చి స్విచ్చి వేశాను. మేకను కోస్తున్నట్టు ఒక అరుపు వచ్చింది. గోడ అవతలి నుంచి పక్కింటి కోడలి గొంతు వినబడింది.

"అవ్వా, గిదేం భజననే? డబ్బా పలిగిపోతది!"

"దేవుడు ఇంక రాలే బిడ్డా, పిలుస్తున్న!" అని చిన్నమ్మ అరిచి, నా వైపు తిరిగి, "జల్ది బంద్ చెయ్" అంది.

చెడిపోయినదాన్ని వెతికేటప్పుడు బయటి నుంచి లోపలికి రావాలి. వైరును గిటారు నుంచి ఊడదీసి, దాని మొన మీద వేలు పెట్టాను. డబ్బా బుర్రుమంది. అంటే డబ్బా మంచిదే, వైరూ మంచిదే. లోపం గిటారులోనే ఉంది. వైరు గుచ్చే జాకు చూస్తే దాని మర వదులై తిరుగుతోంది, లోపలి రేకు చిలుము పట్టి నల్లబడింది. పిల్లల రబ్బరు ముక్కను సన్నగా కోసి రేకును రుద్దాను, వేలితో కొద్దిగా లోపలికి వంచి మర బిగించాను. ఇప్పుడు అరుపు పోయింది, సన్నని మోత మిగిలింది. కాని తీగ మీటితే ఏమీ లేదు. స్విచ్చి ఇటు వేసినా లేదు, అటు వేసినా లేదు. అసలు స్విచ్చి బెల్లంలో దిగినట్టు మెత్తగా కదులుతోంది. ఖట్టుమని పడటం లేదు.

ఆ రోజుకు అంతటితో ఆపాను. అన్నం తినేటప్పుడు చిన్నమ్మ, "కీబోర్డు పిలగాడు ఉన్నడని చెప్పింది గద ఆమె" అంది.

"ఉంటే ఉండనీ."

మర్నాడు వెనకవైపు మూత తెరిచాను. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని చిట్లకుండా తీయడానికే పొద్దుటిపూట అంతా పట్టింది. మూత లేవగానే వచ్చిన వాసనకు చిన్నమ్మ తలెత్తింది.

"దేవుని అర్ర వాసనొస్తుందేంది?"

లోపల పసుపు. స్విచ్చి కింద గూట్లో ఎండి పెచ్చు కట్టిన పసుపు, దాని మీద కుంకుమ చారలు, నాబుల చుట్టూ మట్టిలా పేరుకున్న పసుపు. వైర్ల మధ్య ఒక అక్షింత కూడా ఉంది. స్విచ్చి అంటే లోపల రెండు ఇత్తడి నాలుకలు. అవి ఒకదాన్నొకటి తాకితే పికప్ మాట బయటికి వస్తుంది. వాటి మధ్య పసుపు గట్టిపడి కూర్చుంది. నాలుకలు తాకే దారి లేదు.

అది ఎట్లా చేరిందో మాకిద్దరికీ ఒకేసారి అర్థమైంది. మా ఇంట్లో దసరా నాడు ఇనుము ఉన్న ప్రతి వస్తువుకూ పూజ జరుగుతుంది. తాత తుపాకీ, గొడ్డళ్ళు, నాగళ్ళ కర్రులు, కుట్టుమిషను, తాళపుచెవులు వరసగా పెట్టేవారు. ఆ క్రిస్మసు తర్వాత వచ్చిన దసరాకు చిన్నాయన గిటారును తుపాకీ పక్కన పడుకోబెట్టాడు, సరదాకే. తాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య మాటలు మళ్ళీ మొదలైంది ఆ పూజ దగ్గరే అని అమ్మ చెప్పేది. నాయనమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్క వస్తువుకూ వేలితో బొట్టు పెడుతూ వచ్చి, గిటారు దగ్గర ఆగేది. "ఇది కరెంటుది. దీనికి జర ఎక్కువ పెట్టాలె" అనేది. తుపాకీకి వేలితో పెట్టినామె గిటారుకు అరచేత్తో పూసేది. మీద నీళ్ళు చల్లేది. సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని వచ్చాక చిన్నాయన అరుగు మీద కూర్చుని, నవ్వుకుంటూ, పాత బనీను గుడ్డతో దాన్ని సందుసందునా తుడిచేవాడు.

ఆయన పోయాక పూజ ఆగలేదు. చిన్నమ్మ చేసింది. తుడిచే మనిషి మాత్రం లేడు. పెట్టిన పసుపును తుడిచివేయడం ఆమెకు మనసొప్పలేదు, ఏటికేడు ఒక పూత మీద ఇంకో పూత పడింది. మొన్నటి దసరాకు కూడా పెట్టింది.

చిన్నమ్మ మూత అంచు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయింది.

"అంటే నేనే దాని నోరు మూసిన్నా?"

"నాయనమ్మ పెట్టింది, అమ్మ పెట్టింది, నువ్వు పెట్టినవు. పండుగకు పెట్టకుంట ఊకుంటరా?"

"ఆయనుంటే తుడుస్తుండె."

"నేను తుడుస్తున్న గద. ఒత్తులు తే."

దేవుడి దీపానికి చేసి పెట్టుకున్న దూది ఒత్తులు తెచ్చి ఇచ్చింది. మందుల దుకాణంలో స్పిరిటు సీసా కొన్నాను. ఒత్తిని స్పిరిటులో తడిపి, ఇత్తడి నాలుకల మధ్య దూర్చి, మెల్లగా లాగడం. పచ్చగా వచ్చిన ఒత్తిని పారేసి ఇంకొకటి. పసుపు కరిగి చేతికి అంటింది, గోళ్ళు పచ్చబడ్డాయి. పక్కింటామె చూసి ఎవరిదైనా పెళ్ళా అని అడిగింది. అవునన్నాను. బుధవారం సాయంత్రానికి స్విచ్చి ఖట్టుమంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాం. చిన్నమ్మ తనూ వేలు పెట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు వేసి చూసింది.

పాత తీగలు తుప్పు పట్టి నల్లబడ్డాయి. గిటారు ఉండే తోలుపెట్టెలో నూనె కాగితంలో చుట్టిన కొత్త జత దొరికింది. అవి ఎక్కించి మళ్ళీ డబ్బాకు గుచ్చాను. స్విచ్చి చివరి పికప్ వైపు వేసి తీగ మీటితే, పలికింది. గరగర లేకుండా, గదంతా నిండేట్టు పలికింది. గోడ అవతల పక్కింటివాళ్ళ టీవీ ఆగిపోయింది.

"వచ్చిండు దేవుడు," అంది చిన్నమ్మ గోడ వైపు చూసి. నవ్వబోయింది గాని నవ్వలేదు, కొంగు తీసి ముక్కు తుడుచుకుంది.

మెడ దగ్గరి పికప్ వైపు వేస్తే మాత్రం ఏమీ రాలేదు. పికప్ మీద స్క్రూడ్రైవరుతో తట్టి చూశాను. చివరిది టక్కుమంది, మెడ దగ్గరిది రాయిలా ఉంది. మల్టీమీటరు మొనలు దాని రెండు వైర్లకూ ఆనించాను. మీటరు ముల్లు కదలలేదు. లోపలి రాగితీగ ఎక్కడో తెగింది. తెగిన చోటు కంటికి కనబడదు, కనబడినా అంత సన్నని తీగను అతికించే చెయ్యి నాకు లేదు. మళ్ళీ చుట్టించాలంటే హైదరాబాదు పంపాలి, అంత వ్యవధి లేదు. చిన్నాయనకు ఇష్టమైన గొంతు ఆ పికప్‌దే.

ఇంకొక సంగతి మిగిలింది. తీగల మీద చెయ్యి పెడితే సన్నని మోత తగ్గాలి. తగ్గడం లేదు. జాకు ఇనుము ముట్టుకుంటే తగ్గుతోంది. అంటే తీగల నుంచి లోపలికి రావలసిన ఎర్తు వైరు ఎక్కడో వదిలింది. వెతికితే వాల్యూమ్ నాబు వెనక అతుకు ఊడి వేలాడుతోంది. బడి వదిలాక కూడా నా సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరే ఉంది. అది వేడెక్కి టంకం కరిగినప్పుడు లేచిన పొగ వాసనకు మోటరు కొట్టం మొత్తం ఈ రెండు గదుల ఇంట్లోకి వచ్చింది. అక్కడ చిన్నాయన ఒకసారి ఇదే వైరు అతికిస్తుంటే దీపం నేనే పట్టుకున్నాను. టంకం చుక్క చల్లారేదాకా ఊపిరి వదలొద్దు అనేవాడు, వైరు కదులుతుందని. ఇప్పుడూ వదల్లేదు. చుక్క మెరుపు తగ్గకుండా గట్టిపడింది. మోత ఆగింది.

శుక్రవారం పొద్దున నర్సు వచ్చింది. ఇచ్చే వస్తువు లోపం చెప్పి ఇవ్వాలన్నది కూడా మా తాత పద్ధతే. ఏ ఎద్దు బెదురుతుందో చెప్పిగాని బండి పంపేవాడు కాదు.

"దీంట్ల ఒకటే పికప్ పలుకుతది. రేపు నేను వచ్చి మీ నాయినకు చెప్త," అన్నాను.

"సరే మేడం. ఫికర్ చెయ్యకున్రి," అని గిటారును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళింది.

శనివారం నేనూ చిన్నమ్మా వెళ్ళేసరికి చర్చిలో పాటల సారు ముందువరసలో కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. గిటారు ఒళ్ళో ఉంది, వైరు చర్చి పెద్ద స్పీకరుకు గుచ్చి ఉంది. నన్ను చూసి, "ఏం చిన్న పటేలమ్మా, చదివిన సైన్సు మొత్తం దీని మీదనే చూపెట్టినవట గద" అన్నాడు. మోటరు కొట్టంలో ఆయన నన్ను పిలిచిన పిలుపు అది. ఇంకెవరూ అట్లా పిలవరు.

"మెడ దగ్గరిది పోయింది సార్. చివరిదే పలుకుతది. స్విచ్చి ముట్టుకోకున్రి."

ఆయన సన్నగా ఒక తీగ మీటి చెవి ఒగ్గి విన్నాడు. నాబు కొద్దిగా తిప్పి పదును తగ్గించాడు. చేతిని మెడ దగ్గరికి జరిపి మళ్ళీ మీటాడు. గొంతు కొంత గుండ్రమైంది.

"గొంతు మారింది," అన్నాను.

"మారదా? మీ చిన్నాయన ముసలోడైతే ఆయన గొంతు గూడ గిట్లనే ఉంటుండె."

పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన మొదలుపెట్టాడు. క్రిస్మసుకు ఇద్దరూ వాయించిన పాట. వేళ్ళు ముందు తడబడ్డాయి, తర్వాత దారి దొరికింది. పెళ్ళికూతురు రెండు వరసల మధ్య నడుస్తూ సగం దూరం వచ్చింది. అక్కడ పాట మెత్తబడే చోట, పాత అలవాటు, ఆయన చెయ్యి తనంతట తాను స్విచ్చి మీదికి వెళ్ళింది. ఖట్.

చర్చి మూగబోయింది. ఆయన వేళ్ళు తీగల మీద కదులుతూనే ఉన్నాయి, శబ్దం లేదు. పెళ్ళికూతురు ఆగి తాత వైపు చూసింది. నేను లేచిన దాన్ని లేచినట్టే ఉన్నాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయన స్విచ్చి వైపు చూసి, నా వైపు చూసి, నాలుక కరుచుకుని నవ్వాడు. ఖట్. పాట ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలైంది. పెళ్ళికూతురు నవ్వుతూ అడుగు వేసింది. వెనక ఎవరో, కావాలనే అట్లా ఆపిండు, ఎంత మంచిగున్నది, అంటున్నారు.

"ఆయన గూడ గాడనే స్విచ్చి కొడుతుండె," అంది చిన్నమ్మ నా చెవిలో. పాట అయిపోయేదాకా నా చెయ్యి వదల్లేదు.

రెండు రోజుల తర్వాత నర్సు గిటారు తీసుకుని వచ్చింది. ఒక స్టీలు డబ్బాలో కేకు, కజ్జికాయలు తెచ్చింది. గిటారు మంచం మీద పెట్టి, కుర్చీ తనే జరుపుకుని కూర్చుంది.

"మేడం, ఒక మాట. నాయినకు గిటారు కావాలంటుండు. పెండ్లికాడికెల్లి ఇంట్ల గదే మాట. మేం కొంటం."

"కొనుడెందుకు? ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తీస్కపోన్రి. లేకుంటే మీ దగ్గరనే ఉంచుకోన్రి. పెండ్లికిచ్చిన వస్తువు మేము అమ్మం."

ఆమె నెమ్మదిగానే అంది.

"ఉంచుకొమ్మంటే ఉంచుకోం మేడం. మా తాత మీ తోట కావలి ఉన్నడు. మీ అవ్వ ఇచ్చిన చీరలే మా అవ్వ కట్టింది. ఎరువు తెచ్చుకునుడు, ఆకుల తీపి పెట్టి తిరిగిచ్చుడు, అదంత వాళ్లతోనే అయిపాయె. మొన్న నాయిన కోసం ఒక్కసారి అడిగిన. మళ్ల మళ్ల అడగబుద్ధి కాదు. మీరు తప్పు పట్టుకోకున్రి. పైసలిచ్చి కొనుక్కుంటం."

ఆమెలో కోపం లేదు. దవాఖానలో రోగికి ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నా వీపు నిటారుగా అయింది. ఏదో అనాలి. మా తాత అయితే ఏమనేవాడో వెతికాను, దొరకలేదు. ఇట్లా ఎవరూ మా తాతతో అని ఉండరు.

చిన్నమ్మ మంచం మీద గిటారు పక్కన కూర్చుని ఉంది.

"గిటారు ఎవరిదే?" అంది నన్ను.

"నీదే."

"నాదైతే నువ్వు ఊకో." నర్సు వైపు తిరిగింది. "బరాబర్ అన్నవు బిడ్డా. ఊకె తీసుకపోతే ఆయన వాయించినప్పుడల్ల మా మొకాలు యాదికొస్తయి. కొనుక్కోన్రి. కని బేరం చేస్త మరి, పటేలు కోడల్ని."

"చెయ్యున్రి అవ్వా. మాది గూడ పాటల సారు ఇల్లే, తక్కువ తినలే."

ఇద్దరూ నవ్వారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టాను. వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి గాని వినలేదు. చాయ్ గ్లాసులు తెచ్చేసరికి మాట కుదిరిపోయింది. నర్సు ఒక గ్లాసు తీసుకుని, ముందు నా చేతికిచ్చి, తర్వాత తను తీసుకుంది.

ఆమె వెళ్ళాక చిన్నమ్మను అడిగాను, నీకు బాధగా లేదా అని.

"ఆయనదని ఇన్నేండ్లు దాసిపెట్టిన. వచ్చిండా? గిప్పుడు సారు చేతుల ఉన్నదనుకో, ఆయితారం చర్చి గోడ పొంటి పోతే జరంత ఇనబడుతది."

గిటారును చిన్నమ్మ అమ్మింది, పాటల సారు కూతురు కొన్నది. వైరు దానితో పాటే వెళ్ళింది. తోలుపెట్టె బరువని వాళ్ళు వద్దన్నారు. దాన్ని తర్వాతి వారం పాతసామాన్ల బండివాడికి అమ్మాము.